ఏడు ఖర్జూరాల సరిహద్దు

ద్వీపానికి విమానాశ్రయం కావాలని మొదట అడిగింది హోటళ్ళవాళ్ళు. దానికోసం చెప్పులరిగేలా ఇల్లిల్లూ తిరిగింది మాత్రం మన్నూబియా.

హోటళ్ళవాళ్ళ బాధ వాళ్ళది. అవతలి ఒడ్డున ఉన్న స్ఫాక్స్ పట్నం నుంచి వచ్చే పెద్ద పడవ గాలి లేస్తే ఆగిపోతుంది. ఎండ కోసం, ఇసుక కోసం వచ్చిన విదేశీయులు పెట్టెల మీద కూర్చుని రేవులో ఆవలిస్తారు. మళ్ళీ ఏడాది రారు. మన్నూబియా బాధ వేరు. పదకొండేళ్ళ కిందట ఆమె భర్త ఖమీస్ కడుపునొప్పితో మెలికలు తిరిగిపోతుంటే స్ఫాక్స్ ఆసుపత్రికి పంపడానికి నలుగురు కలిసి రేవుకి మోసుకెళ్ళారు. గాలి మూడు రోజులు తగ్గలేదు. నాలుగో రోజు పడవ కదిలింది గానీ అందులో ఎక్కించడానికి ఖమీస్ లేడు. అప్పట్నించి ఎవరైనా "మనకి విమానం దేనికి, చేపలు ఎక్కి వెళ్తాయా?" అని వేళాకోళం చేస్తే ఆమె నవ్వేది కాదు. "మనుషులు వెళ్తారు" అనేది.

యాభై మూడేళ్ళ మనిషి. పొట్టిగా, గట్టిగా ఉంటుంది. గట్టి నేల మీద కూడా నీళ్ళలో నడుస్తున్నట్టే కాలు ఎత్తెత్తి వేస్తుంది. అది చిన్నప్పట్నించీ వచ్చిన నడక. తండ్రి బల్గాసిమ్‌కి కొడుకులు లేరు. ఆరేళ్ళ కూతుర్ని వెంటబెట్టుకుని సముద్రంలోకి నడిచి వెళ్ళేవాడు. అటువైపు మైలు దూరం పోయినా నీళ్ళు నడుం దాటవు. ఆయన పోయాక సముద్రంలో ఆయన వాటా చెక్క కూతురికే వచ్చింది.

వాళ్ళ ఊరికి దక్షిణం వైపు సముద్రం ఎనిమిది కుటుంబాలది. పొలాలకు ఉన్నట్టే ఆ నీళ్ళకీ దస్తావేజులున్నాయి. శరత్కాలం రాగానే ఎవరి చెక్కలో వాళ్ళు ఖర్జూరపు మట్టలు గుచ్చి పొడుగాటి దడి కడతారు. దడి చివర బోను. పాటు వేళ, అంటే సముద్రం వెనక్కి తీసేటప్పుడు, నీళ్ళతో కలిసి మళ్ళిన చేప దడి వెంటే ఈదుకుంటూ పోయి తనంతట తానే బోనులో దూరుతుంది. జూన్ చివర్లో దడులన్నీ పీకేస్తారు. సముద్రానికి అదే సెలవు. మూడు నెలలు నీళ్ళ మీద ఒక్క పుల్ల కూడా కనపడదు.

ఎనిమిది చెక్కల్లో మన్నూబియాది నాలుగోది, నడిమిది. అయిదోది ఫెర్జానీది. వాళ్ళిద్దరి తండ్రులూ కాట్లాడుకున్నారు. ఇప్పుడు వీళ్ళు కాట్లాడుకుంటున్నారు. రెండు చెక్కల నడుమ ఆరు బారల వెడల్పున ఒక పట్టె ఉంది. సముద్రం అడుగున వాగులాంటి లోతు సరిగ్గా ఆ పట్టెలోంచే పోతుంది. పెద్ద చేపలన్నీ ఆ వాగు వెంటే నడుస్తాయి. అది నాదంటే నాదని ముప్పై ఏళ్ళుగా ఇద్దరూ పట్టు వదల్లేదు. అందుకని అందులో ఎవరూ దడి కట్టలేదు.

విమానాశ్రయం చాలా చిన్నది. ఇరవై మంది కూర్చునే విమానం దిగడానికి సరిపడే రన్‌వే, రెండు గదుల భవనం, చుట్టూ కంచె. తీరానికి దగ్గర్లో, రాళ్ళు తప్ప ఏమీ పండని చోట చూశారు. ఒక్కటే అడ్డం. విమానం దిగే దారిలో హాజ్ దావూ పొలంలో ఏడు ఖర్జూరపు చెట్లు ఎత్తుగా నిలబడి ఉన్నాయి. అవి కొట్టేయాలి. తొంభై ఏళ్ళ ముసలాయన ససేమిరా అన్నాడు. అధికారులు రెండుసార్లు వచ్చి టీ తాగి వెళ్ళిపోయారు. చివరికి మన్నూబియా వెళ్ళింది.

"హాజ్, నీ చెట్లు కాయలు కాసి ఎన్నాళ్ళయింది?"

"నేను మాత్రం కాస్తున్నానా? నన్ను కొట్టేస్తారా?" అన్నాడు ముసలాయన.

"నీకు రేపు గుండె పట్టేస్తే ఆ చెట్టెక్కి స్ఫాక్స్ వెళ్తావా?"

ముసలాయన చాలాసేపు గడ్డం గోక్కున్నాడు. "నీ మొగుడి కోసం ఇస్తున్నాను. గవర్నరు కోసం కాదు. పోయి చెప్పు వాళ్ళకి" అని కాగితం మీద వేలిముద్ర వేశాడు. ఆ కాగితం ఆమే జేబులో పెట్టుకుని తీసుకెళ్ళి ఇచ్చింది.

పని మొదలయ్యాక అక్కడే కూలికి కుదిరింది. పోసిన కాంక్రీటు ఎండలో పగిలిపోకుండా గోనెపట్టలు కప్పి, పొద్దున్నించి సాయంత్రం దాకా వాటి మీద నీళ్ళు కొట్టే పని. ఇంజనీరు సిహెమ్ ముప్పై ఏళ్ళ అమ్మాయి, రాజధాని ట్యూనిస్ నుంచి వచ్చింది. ఎండకి ముక్కు మీద తోలు ఊడిపోతున్నా టోపీ పెట్టుకోదు. మన్నూబియాని ఖాల్తీ అని పిలిచేది. పిన్ని వరస. మధ్యాహ్నం ఇద్దరూ ఒకే గిన్నెలో బార్లీ రొట్టె, హరీసా కారం, ఎండబెట్టిన ఆక్టోపస్ పెట్టుకు తినేవాళ్ళు.

జులై చివర్లో ఒక మధ్యాహ్నం సిహెమ్ చేతిలో పటం పట్టుకుని ఆ ఏడు చెట్ల వైపు చూస్తోంది. బోదెల మీద ఎర్ర రంగుతో గుర్తులు వేసి అప్పటికే నెల దాటింది.

"ఖాల్తీ, కూలీలు ఆ చెట్టుని వంకరది అంటున్నారు. చెట్లకి పేర్లున్నాయా?"

"ఎందుకుండవు? అది వంకరది. పక్కన గుర్రపుతోక. నల్లబోదె. నడిమధ్య ఒక్క మొదట్లోంచి రెండు లేచాయే, అవి అక్కచెల్లెళ్ళు. ఆ తర్వాత మొండిది, పొడుగుది. చివరిది కోడలు, ఎప్పుడూ తల దించుకునే ఉంటుంది."

"బాగుంది. చెట్లకి పేర్లెందుకు పెట్టారు?"

"ఎందుకేమిటే, పేరు లేకపోతే సముద్రంలో ఎవరి గీత ఎక్కడో ఎలా..." అంటూ మన్నూబియా ఆగిపోయింది. చేతిలో గొట్టం నుంచి నీళ్ళు ఆమె పాదాల మీద కారిపోతున్నాయి.

ఒడ్డున ఫకీరు సిదీ మర్జూగ్ సమాధికి తెల్లటి గుమ్మటం ఉంది. దానికి వెనక, దూరంగా, ఈ ఏడు చెట్లు. నీళ్ళలో నిలబడి ఒడ్డుకేసి చూస్తే గుమ్మటం కొన మీద సరిగ్గా వంకరది కనపడే చోటల్లా ఒక గీత. గుర్రపుతోక కనపడే చోటల్లా ఇంకో గీత. అలా ఏడు గీతలు గుమ్మటం దగ్గర్నించి విసనకర్రలా సముద్రంలోకి విచ్చుకుంటాయి. ఎనిమిది చెక్కలకీ అవే సరిహద్దులు. దస్తావేజుల్లో రాసింది కూడా అంతే: నల్లబోదె నుంచి అక్కచెల్లెళ్ళ దాకా బల్గాసిమ్‌ది.

చెట్లు పోతే గుమ్మటం ఒక్కటే మిగులుతుంది. ఒక్క చుక్కతో గీత ఎక్కడ గీస్తారు? శరత్తులో దడులు కట్టడానికి దిగినప్పుడు ఎనిమిది కుటుంబాలూ ఎవరికి తోచిన చోట వాళ్ళు మట్టలు గుచ్చుతారు. రెండు వైపుల నుంచీ నెట్టుకొస్తే నలిగేది నడిమి చెక్క. అదీ కొడుకుల్లేని ఆడదాని చెక్క.

ఇంత మందికీ ఇది ఎలా తట్టలేదో ఆ రాత్రి ఆమెకి అంతుపట్టలేదు. చెట్లు కొట్టడం గురించి సభ జరిగినప్పుడు ఎనిమిది ఇళ్ళవాళ్ళూ వచ్చారు. ముసలి చెట్లు, పోతే పోనీ అన్నారు. తను కూడా అంది. నేల మీద నిలబడి చూస్తే అవి హాజ్ దావూ చెట్లు. నీళ్ళలోంచి చూస్తేనే గీతలు. సభ నేల మీద జరిగింది.

మర్నాడు సిహెమ్‌కి అంతా చెప్పింది. ఆ అమ్మాయి తల పట్టుకుంది.

"ఆపలేను ఖాల్తీ. ఆగస్టు అమావాస్య నాడు చెట్లు కొట్టాలని రాసేసుకున్నారు. ఆ వారమే రాజధాని నుంచి తనిఖీకి వస్తున్నారు. చెట్లు కనపడితే రన్‌వే ఒప్పుకోరు."

"ఆపమని ఎవరన్నారు? విమానం రావాలి. నా గీత కూడా ఉండాలి."

"నా దగ్గర యంత్రం ఉంది. మీరు ఎక్కడ నిలబడితే ఆ చోటు అంగుళం తేడా లేకుండా రాసుకుంటుంది. కానీ ఎక్కడ నిలబడాలో దానికి తెలీదు."

"మాకు తెలుసు" అంది మన్నూబియా. "చెట్లు నిలబడి ఉన్నన్నాళ్ళే తెలుసు."

కంచె కోసం పోసిన కాంక్రీటు స్తంభాల్లో చివర్లు విరిగినవి ఓ పక్కన పడేసి ఉన్నాయి. వాటిలోంచి ఏడు ఏరుకుంది. సముద్రంలో దూరంగా ఒక్కో గీత మీద ఒక్కో స్తంభం పాతితే చాలు. ఇకముందు ఒడ్డు మీద చెట్టుకి బదులు నీళ్ళలో స్తంభం. గుమ్మటం ఎటూ ఉండనే ఉంది. అయితే ఆ ఊరి వాడుక ఒకటుంది. సముద్రంలో గుర్తు మార్చాలంటే చెక్కలున్న వాళ్ళందరూ ఒకే పాటున నీళ్ళలో నిలబడి ఒప్పుకోవాలి. ఒక్కరు రాకపోయినా ఆ గుర్తు చెల్లదు. నీళ్ళు బాగా తీసేది అమావాస్యకి. దానికి పదమూడు రోజులుంది.

కొంగు బిగించి మళ్ళీ ఇల్లిల్లూ ఎక్కింది.

"ముందు చెట్లు కొట్టిస్తానన్నావు. ఇప్పుడు రాళ్ళు పాతిస్తానంటున్నావు. రేపు సముద్రానికి తలుపు పెట్టిస్తావా?" అన్నాడు ఒకాయన.

"పెట్టిస్తాను. తాళం నీకే ఇస్తాను. అమావాస్య నాడు వస్తావా రావా?"

"వస్తాలే. నువ్వు గడప మీద కూర్చుంటే మా ఆవిడ కుస్కుస్ వండలేకపోతోంది."

తిట్టిన వాళ్ళు తిట్టారు. తప్పు తనదేనని ఒప్పేసుకుంది. ఒప్పుకున్నవాళ్ళని ఇంకెంతసేపు తిడతారు? తొమ్మిది రోజుల్లో ఆరు ఇళ్ళు సరేనన్నాయి. మిగిలింది ఫెర్జానీ.

అతను గోడ నీడలో కూర్చుని బోనుకి ఈనెలు అల్లుతున్నాడు. ఆమెని చూసి తల ఎత్తలేదు.

"రా బల్గాసిమ్ కూతురా. ఇంకా రాలేదేమా అనుకుంటున్నాను."

"ఎందుకొచ్చానో తెలుసుగా."

"తెలుసు. నేను రాను."

"ఎందుకు రావు? నీ చెక్కకీ అవే గీతలు."

"అక్కచెల్లెళ్ళ దగ్గర ఎన్ని స్తంభాలు పాతుతావు?"

ముడి అక్కడే ఉంది. ఆ చెట్లు రెండూ మొదట్లో ఒకటే అయినా పైకి పోను పోను విడిపోయి, తలల మధ్య రెండు మూడు బారల ఎడం ఉంది. అది సముద్రంలోకి వచ్చేసరికి ఆరు బారలవుతుంది. గీత అక్క మీదుగా పోతుందని, పట్టె తనదని ఫెర్జానీ తండ్రి. కాదు, చెల్లెలి మీదుగా పోతుందని బల్గాసిమ్. దస్తావేజులో అక్కచెల్లెళ్ళు అని రాసిన మహానుభావుడికి ఆ ముక్క తట్టలేదు.

"రెండు పాతుదాం" అంది మన్నూబియా. "అక్కకొకటి, చెల్లెలికొకటి. తగువు తగువులానే ఉంటుంది. తర్వాత తేల్చుకుందాం."

ఫెర్జానీ నవ్వాడు. "ఎంత తెలివే నీకు! చెల్లెలి మీద కూడా గుర్తు పాతడానికి నేను వచ్చి నీళ్ళలో నిలబడితే, అది కూడా ఒక గుర్తేనని ఒప్పుకున్నట్టే గదా. మా నాన్న అబద్ధం చెప్పాడని నా నోటితోనే చెప్పించాలని చూస్తున్నావు."

"ఏ గుర్తూ లేకపోతే నీకు మాత్రం ఏం మిగుల్తుంది?"

"నాకు నలుగురు కొడుకులున్నారు. మిగిలేది మిగుల్తుంది." చేతిలో ఈనె విరిచి పక్కన పడేశాడు. "అక్క ఒక్కదానికే స్తంభం అయితే ఇప్పుడే వస్తా."

ఆమె వెనక్కి వచ్చేసింది.

మూడు రోజులు గోనెపట్టల మీద నీళ్ళు కొడుతూ ఆలోచించింది. ఆరు బారలు వదిలేయడం అంటే వాగు వదిలేయడం. వాగు వదిలేయడం అంటే, చనిపోయేదాకా తండ్రి అన్న మాట అబద్ధమని ఊరి ముందు ఒప్పేసుకోవడం. ఆయన ఆ పట్టె కోసం కోర్టు మెట్లెక్కాడు. చలికాలంలో నడుం లోతు నీళ్ళలో నిలబడి ఫెర్జానీ తండ్రి చేతిలోంచి మట్టలు లాక్కున్నాడు. మరి ఆయన చెప్పింది నిజమేనా? ఆమెకి తెలియదు. ఆ ప్రశ్న ఆమె ఇంతకుముందెన్నడూ వేసుకోలేదు. ఇప్పుడు వేసుకున్నా జవాబు చెప్పేవాళ్ళు లేరు.

సిహెమ్ చూస్తూనే ఉంది. "ఖాల్తీ, ఒక్క స్తంభం తక్కువైతే ఏమవుతుంది? మిగతావి పాతేయండి."

"ఒక్కరు రాకపోతే ఏదీ చెల్లదమ్మా. మా నాన్న పట్టె కోసం మా నాన్న చెక్కంతా పోగొట్టుకోమంటావా?" అంది. ఆ మాట ఆ అమ్మాయికి కాదు, తనకి తనే చెప్పుకున్నట్టుంది. గొట్టం కింద పడేసి, కొళాయి కట్టేసి, ఆ తడి కాళ్ళతోనే ఫెర్జానీ ఇంటికి వెళ్ళింది.

"అక్కే సరిహద్దు" అంది గుమ్మంలో నిలబడి. "ఒక్కటే స్తంభం. రేపు నీళ్ళు తీసే వేళకి రా."

ఫెర్జానీ నోరు తెరిచాడు. అతని భార్య లోపల్నించి చేతులు తుడుచుకుంటూ వచ్చి చూసింది.

"ఇందులో ఏదో మెలిక ఉంది" అన్నాడు అనుమానంగా.

"మెలిక లేదు. వస్తున్నావా?"

"కాగితం మీద రాస్తావా?"

"నీళ్ళలో నిలబడి అందరి ముందూ చెప్తాను. కాగితాల మీద నాకు నమ్మకం పోయింది."

మర్నాడు పొద్దెక్కేసరికి నీళ్ళు వెళ్ళిపోయాయి. సముద్రం అడుగు అక్కడక్కడా పచ్చటి నాచుతో, గుంటలతో బయటపడింది. ఎనిమిది ఇళ్ళవాళ్ళూ మోకాళ్ళ దాకా బట్టలు ఎగ్గట్టి నడిచారు. స్తంభాలు చదును పడవలో వేసి లాక్కొచ్చారు. సిహెమ్ ప్యాంటు మడుచుకుని, యంత్రం ఉన్న కర్రని తలకంటే ఎత్తుగా పట్టుకుని, నాచు మీద రెండుసార్లు జారి పడింది. ఒడ్డు మీద చెట్లు కొట్టే వాళ్ళు అప్పుడే వచ్చి రంపాలకి నూనె పూసుకుంటున్నారు.

వంకరది తేలిగ్గానే తేలింది. గుర్రపుతోక దగ్గర ఒక అన్నా తమ్ముడూ కాసేపు అరుచుకుని ఊరుకున్నారు. నల్లబోదె అయ్యింది. అక్కచెల్లెళ్ళ వంతు వచ్చింది.

ఫెర్జానీ ముందుగా వెళ్ళి నిలబడ్డాడు. "ఇదిగో. ఇక్కడ పాతండి."

మన్నూబియా అతని వెనక్కి వెళ్ళి, ఒక కన్ను మూసి ఒడ్డుకేసి చూసింది. "రెండడుగులు ఇటు జరుగు."

"ఏం? అక్క కనపడటంలా గుమ్మటం మీద?"

"అక్క ఆకులు కనపడుతున్నాయి. బోదె కనపడాలి. బోదె నడిమి."

"అన్నీ ఇచ్చేసి రెండడుగుల దగ్గర ఏడుస్తావేమే?"

"నీకు ఇచ్చింది అక్కని. అక్క నీడని కాదు. జరుగుతావా, ఈ నీళ్ళు మళ్ళీ వచ్చేదాకా నిన్ను పట్టుకుని ఇక్కడే నిలబడమంటావా?"

వెనక నుంచి ఎవరో పక్కున నవ్వారు. ఫెర్జానీ జరిగాడు. ఒక అడుగు. ఆమె కదల్లేదు. ఇంకో అడుగు జరిగాడు. అప్పుడు ఆమె గట్టిగా, అందరికీ వినపడేట్టు అంది: "బల్గాసిమ్ కూతుర్ని చెప్తున్నాను. ఇదే మా రెండు చెక్కల సరిహద్దు. దీనికి అవతల నాది కాదు, నా తర్వాత వచ్చేవాళ్ళది కాదు."

చెప్పేశాక వంగి, నీళ్ళతో ముఖం కడుక్కుంది. సిహెమ్ యంత్రం ఆనించి చోటు రాసుకుంది. స్తంభం నిలబెట్టి సమ్మెటతో కొట్టారు. ఫెర్జానీ పక్కనే నిలబడి చూస్తున్నాడు గానీ, ముప్పై ఏళ్ళ పట్టు గెలిచిన మనిషిలా లేడు. జేబులు తడుముకుంటున్నాడు, ఏదో పడిపోయినట్టు.

మిగతా మూడూ పాతేసరికి పోటు మొదలైంది. నీళ్ళు తొడల దాకా వస్తుండగా ఒడ్డు మీంచి రంపం చప్పుడు వినపడింది. అందరూ వెనక్కి తిరిగారు. కోడలు ముందు పడింది. అక్కచెల్లెళ్ళు ఒకదాని తర్వాత ఒకటి కాక కలిసే పడ్డాయి. గుమ్మటం వెనక ఆకాశం ఖాళీ అయింది. నీళ్ళు పెరుగుతున్నాయని ఒడ్డుకి నడిచారు.

అక్టోబరు మొదట్లో మన్నూబియా దడి కట్టడానికి దిగింది. అప్పటికి రన్‌వే మీద వారానికి రెండుసార్లు విమానం దిగుతోంది. ఆ పొద్దున కూడా ఒకటి తక్కువ ఎత్తులో తలల మీదుగా పోయింది. మట్టలు మోస్తున్న వాళ్ళు తల ఎత్తలేదు. అందరి కళ్ళూ గుమ్మటం మీద, స్తంభాల మీద ఉన్నాయి. చేతులు ఇంకా అలవాటు పడలేదు. ఒడ్డుకేసి చూసి, ఖాళీగా కనపడేసరికి తడబడి, మళ్ళీ సముద్రం వైపు తిరిగి స్తంభం వెతుక్కుంటున్నారు.

వాగులో ఫెర్జానీ కొడుకులు నలుగురూ కొత్త దడి నిలబెడుతున్నారు. అక్కడ పడబోయే చేపలు ఎంత లావువో మన్నూబియాకి తెలుసు. చిన్నప్పుడు తండ్రి వెంట నిలబడి నీళ్ళలో వాటి నీడలు చూసింది. ఒకసారి అటు చూసి, తన మట్టల కట్ట విప్పింది. నల్లబోదె స్తంభం నుంచి అక్క స్తంభం దాకా ఉన్నది తనది. ఆ మేరకి ఎవరూ అడుగు పెట్టలేరు. కొడుకులు నలుగురున్నవాళ్ళు కూడా.

"ఓయ్, బల్గాసిమ్ కూతురా!" ఫెర్జానీ నీళ్ళలోంచి కేకేశాడు. "నీ మట్ట నా వైపు వాలింది!"

"స్తంభం చూసి మాట్లాడు."

అతను గుమ్మటం వైపు చూశాడు. స్తంభం వైపు చూశాడు. మళ్ళీ గుమ్మటం వైపు చూశాడు. మట్ట మన్నూబియా వైపే ఉంది, జానెడు లోపలికే ఉంది. అతను కొడుకుల మీద అరవడం మొదలుపెట్టాడు.

ఆమె ఆ మట్టని అరచేత్తో కొట్టి ఇంకాస్త లోతుకి దించింది. రెండోది అందుకుంది.